ఒళ్ళు పట్టించుకొనువేళ బేరము



ఓడ యెక్కుట యనగా మన తాతల కాలమున కాకినాడనుండియో, విశాఖపట్టణమునుండియో పొట్ట చేతబట్టుకొని రంగూనునకు పోవుటయే. తిరిగివచ్చుట నిశ్చయము కాదు. అట్టి సముద్రము మీదికి నేడు మనవారు విశ్రాంతి కొరకు పోవుచున్నారు. 2022 జూన్ నెలలో ఎంప్రెస్ అను విహారనౌక విశాఖ రేవునకు వచ్చి, ఇచ్చటనుండి పుదుచ్చేరికి, చెన్నైకి యాత్రికులను కొనిపోయిన సంగతి మీలో కొందరికైనను జ్ఞాపకముండును. అమెరికాలో పిల్లలున్న తలిదండ్రులకైతే క్రూయిజ్ అను మాట ఇప్పుడు కొత్తది కాదు. చూడవచ్చిన అమ్మానాన్నలను ఒక వారము మయామీనుండియో, గాల్వెస్టన్‌నుండియో, సియాటిల్‌నుండియో ఓడ మీద త్రిప్పి తెచ్చుట ఆ పిల్లలకు ఒక ముచ్చట.

ఆ ఓడలలో స్పా అను విభాగమొకటి యుండును. అచ్చట ఒళ్ళు పట్టుదురు, ముఖమునకు లేపనములు పూయుదురు, ఆవిరి పట్టుదురు. ఒళ్ళు పట్టించుకొనుట మంచిదే. నేను దానిని తప్పుపట్టను. ఐతే పట్టుట ముగిసిన వెంటనే, మనమింకను పూర్తిగా తెప్పరిల్లకముందే, అచ్చట ఒక బేరము ప్రారంభమగును. ఆ బేరమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని. నా ముఖ్యమైన మాటను ముందే చెప్పివేసెదను, నడుమ మరల చెప్పెదను. రేడియోలో విన్నమాటను వెనుకకు త్రిప్పి చూచుకొనుటకు పుట లేదు గదా. ఆ మాట యిది. వద్దు అనదలచుకొన్నచో పడుకొనకముందే అనవలెను. లేచిన పిమ్మట కాదు. పడుకొనకముందు.

రెండేండ్ల క్రిందట మా వారును నేనును సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయి యింటికి పోయియుంటిమి. నాకు అరువది యేండ్లు నిండిన సందర్భమున అమ్మాయియు, అల్లుడును మమ్ము అలాస్కా యాత్రకు తీసికొనిపోయిరి. ఏడు రాత్రుల ప్రయాణము. జూనో, స్కాగ్వే, కెచికన్ అను ఊళ్ళు; కొండలమీదినుండి సముద్రములోనికి దిగివచ్చు హిమానీనదములు; తిరుగుదారిలో కెనడా దేశపు విక్టోరియా. ఆ శోభను వర్ణింప మొదలిడినచో నాకిచ్చిన కాలమంతయు దానికే చెల్లిపోవును. దానిని మరియొకనాటికి ఉంచెదను.

సాయంకాలము సియాటిల్ విడిచిన ఓడ మరునాడంతయు నడిసముద్రముననే యుండెను. దిగుటకు ఊరు లేదు, తిరుగుటకు వీధి లేదు. అట్టి దినమును సీ డే అందురు. స్పాకు అదియే సంతరోజు. అందరును ఓడలోనే యుందురు గనుక ఆనాడు వెల పూర్తిగా నుండును. ఓడ రేవులో ఆగి జనమంతయు ఊరు చూడబోయిన వేళ అదే గదిలో అదే సేవకు వెల తగ్గించుట కలదు. మా గది తలుపునకు తగిలించిన చీటీ వలన ఈ సంగతి నాకు తరువాత తెలిసినది. ఆనాడు మాత్రము మా అమ్మాయి, “అమ్మా, మోకాళ్ళు నొప్పులంటున్నావు కదా, ఒక్కసారి మసాజ్ చేయించుకో, అది నా బహుమతి” అని తానే పోయి వేళ కుదిర్చి వచ్చినది.

తలుపు తెరచి లోనికి పోగానే, పాదములకు మెత్తని తివాచీయు, నాసికకు నిమ్మగడ్డి పరిమళమును, చెవికి ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియని సన్నని జలధ్వనియు తగులుచుండగా, చీర మార్పించి తెల్లని అంగీ తొడిగించి, చేతిసంచిని, కళ్ళద్దములను, చెప్పులను ఒక చిన్న బీరువాలో పెట్టించి తాళము వేయించి, గోరువెచ్చని కషాయమును చేతికిచ్చి నన్నొక వాలుకుర్చీలో కూర్చుండబెట్టిరి. ఆ కళ్ళద్దములను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. వానితో మరల పని యున్నది.

కళ్ళద్దములు తీయకమునుపే ఒక కాగితము నింపించిరి. దానిలో రెండు విధములైన ప్రశ్నలున్నవి. రక్తపోటు ఉన్నదా, చక్కెర వ్యాధి ఉన్నదా, ఏ వస్తువైనను ఒంటికి పడదా, ఆపరేషన్లేమైనను జరిగినవా అనునవి మొదటి విధము. వీనికి తప్పక నిజమే వ్రాయవలెను. అది మన ప్రాణమునకు సంబంధించిన సంగతి. రెండవ విధము వేరు. మీ చర్మములో మీకు నచ్చనిదేమి? శరీరములో ఏ భాగము మారవలెనని మీ కోరిక? నిదుర పట్టుచున్నదా? అలసట కలదా? ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పినదానను. అడిగిన ప్రశ్నకు జవాబు వ్రాయుట నాకలవాటు. మోకాళ్ళు, నడుము, కంటిక్రింది నలుపు, నిదురలేమి, అన్నిటికిని గుర్తులు పెట్టితిని. ఆ గుర్తులే తరువాత బేరమునకు మెట్లైనవి.

నాకు ఒళ్ళు పట్టిన పిల్లకు ఇరువదియైదేండ్లు నిండినవో లేదో. ఇండోనేషియాలోని బాలి ద్వీపము ఆమె స్వస్థలము. ఆమె చేతిలో మంచి పనితనమున్నది. ఆ మాట నేను మనసార చెప్పుచున్నాను. యాభై నిమిషములు. అందు నలువది నిమిషములు మాటలేదు. చివరి పది నిమిషములలో, భుజము వెనుక ఒకచోట బొటనవ్రేలితో నొక్కి, “ఇక్కడ గట్టిగా ఉంది మేడమ్, టాక్సిన్లు పేరుకున్నాయి” అనెను. మోకాలి వెనుక నొక్కి మరల అదే మాట. నాకు నిజముగనే భయము కలిగినది. ఒంటిలో విషమున్నదని చీకటిగదిలో, మెల్లని గొంతుతో, మన మంచికోరుచున్న చేయి చెప్పినప్పుడు భయపడనివారెవరు?

లేచి అంగీ తొడిగికొని కూర్చున్న పిమ్మట ఆమె మంచినీళ్ళు తెచ్చి యిచ్చి, నా కుర్చీ ప్రక్కన మోకాళ్ళమీద కూర్చుండి, వైద్యుడు మందు వ్రాసిచ్చునట్లు ఒక కాగితముపై నా పేరు వ్రాసి, నేను పెట్టిన గుర్తులనే యొక్కొక్కటిగా చెప్పుచు, మోకాళ్ళకు ఈ నూనె, నిదురకు ఈ స్నానలవణము, కంటిక్రింది నలుపునకు ఈ క్రీము అని మూడు సీసాలు వరుసగా పేర్చెను. పిదప అడిగెను: “మూడూ తీసుకుంటారా, రెండిటితో మొదలుపెడతారా?” ఆ ప్రశ్నను గమనింపుడు. మూడా, రెండా. వద్దు అను జవాబునకు అందు చోటు లేదు. వెల కాగితముమీద ఉన్నది; కళ్ళద్దములు బీరువాలో ఉన్నవి. “రెండు చాలు” అంటిని.

గది తాళపుచెవికి బదులిచ్చు కార్డు ఉన్నది గదా, దానితోనే ఓడలో సమస్తమును కొనవచ్చును. నోట్లు లెక్కించుట లేదు, చిల్లర లేదు. సంతకము పెట్టి పై డెక్కునకు వచ్చి చల్లని గాలి మొగమునకు తగిలిన తరువాతగాని నేనేమి చేసితినో నాకు తెలియలేదు. ఆ రెండు సీసాలు మూడువందల డాలర్ల పైచిలుకు. మన లెక్కలో పాతికవేల రూపాయలకు పైమాట. మా అమ్మాయి యిచ్చిన బహుమతి వెలకు అది ఇంచుమించు రెట్టింపు. అదియు మా అమ్మాయి ఖాతాలోనే పడినది.

ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. సొమ్ము పోయినదన్న చింత ఒకటి. దానికంటె పెద్దది మరియొకటి. ఎందుకు వద్దు అనలేకపోతిని?

శ్రోతలారా, చీరల అంగడికి పోయిన సంగతి ఒక్కసారి తలచుకొనుడు. తెల్లని పరుపు మీద మనము కూర్చుందుము. అంగడివాడు మంచినీళ్ళిచ్చును, చల్లని పానీయము తెప్పించును, యాభై చీరల మడతలు విప్పి కుప్పవేయును. మనకేదియు నచ్చదు. “మళ్ళీ వస్తామండీ” అని లేచి వచ్చెదము. ఆ మాటకు అర్థమేమో వానికి తెలియును, మనకు తెలియును. ఎవరికిని చిన్నతనము లేదు. ఇల్లు విడిచిపోవునప్పుడు పోతామనక వెళ్ళివస్తామను జాతి మనది. కాదనుటలో కూడ రాకను దాచి చెప్పగల మర్యాద మన భాషకున్నది. ఇంత చక్కని మాట నాకు పుట్టుకతో వచ్చియుండగా, ఆ గదిలో అది నా నోటికేల రాలేదు?

ఆలోచించిన కొలది నాకిట్లు తోచినది. అంగడిలో మన బట్టలు మన ఒంటిమీద నుండును, సంచి ఒడిలో నుండును, ప్రక్కన తోడికోడలో, ఆడపడుచో కూర్చుండి “వదినా, ఇది మనకొద్దులే” అని మోచేతితో పొడుచును. వెలుతురుండును. లేచి పోవుటకు ఒకరి సెలవు అక్కరలేదు. స్పా గదిలో అట్లు కాదు. ఒంటిమీద పరుల అంగీ. చేతిలో సంచి లేదు, ప్రక్కన తోడు లేదు, కంటికి చూపు లేదు. ఇవన్నియు ఒక ఎత్తు. ఆ పిల్ల నా పాదములు పట్టినదన్నది ఒక్కటే ఒక ఎత్తు. మన యిండ్లలో కాళ్ళు పట్టువారెవరు? కూతురో, కోడలో, మనుమరాలో. ఆ స్పర్శ తెలిసిన దేహమునకు అట్లు పట్టిన చేయి పరాయిది కాదు. ఆ చేయి చాపిన వస్తువును త్రోసివేయుట కృతఘ్నతవలె తోచును. ఎదుటి మొగము చూచి కాదనలేని ఈ స్థితికే మనవారు మొగమాటమని పేరు పెట్టిరి.

మొగమాటమును నేను దోషమనను. అది మంచి మనసు గలవారికే కలుగును. ఐతే నేను చేసిన పొరపాటు ఇది: కృతజ్ఞత ఆ పిల్లకు చెల్లవలసినది, నేను దానిని సీసాకు చెల్లించితిని. పెక్కు ఓడలలో స్పాను నడపునది ఓడ కంపెనీ కాదు. వేరొక కంపెనీ ఒప్పందము మీద నడపుచు, వచ్చిన రాబడిలో ఓడవారికి భాగమిచ్చును. ఒళ్ళు పట్టువారిలో పెక్కుమంది ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, మన దేశము మొదలైన చోట్లనుండి ఇల్లు విడిచి నెలల తరబడి ఒప్పందము మీద వచ్చినవారు. వారి సంపాదనలో ముఖ్యభాగము కమీషను. ఒళ్ళు పట్టుటకే గాక సరుకు అమ్ముటకును వారికి శిక్షణనిత్తురు. ఇంత అమ్మవలెనని లెక్కలుండును. ఆ లెక్కకు జవాబు చెప్పుకొనవలసినది ఆమెయే. ఐనను సీసా సొమ్ములో ఆమెకు దక్కునది స్వల్పము. కనుక ఆ పిల్లమీద కోపము తెచ్చుకొనుట న్యాయము కాదు. ఆమె చేసిన పని మనకు సుఖమిచ్చినచో ఆమెకే నేరుగా రెండు డాలర్లు ఎక్కువ ఇచ్చుట మేలు. ఐతే చూచి యీయవలెను: పెక్కు ఓడలలో బిల్లుమీద నూటికి పదునెనిమిదో, ఇరువదియో సేవారుసుము వారే కలిపివేసి, దానిక్రింద బక్షీసుకని మరియొక ఖాళీగడి విడుతురు. తెలియనివారు రెండుసార్లు ఇచ్చెదరు.

ఓడలమీద ఈ సుఖములు నేటివి కావు. 1912లో మునిగిపోయిన టైటానిక్ నౌకలో టర్కీ పద్ధతి ఆవిరి స్నానశాల ఉండెను. నాలుగు షిల్లింగులిచ్చి టికెట్టు కొని పోయెడివారు. ఆ ఓడలోని క్షురకుని అంగడిలో యాత్రాచిహ్నములు, బొమ్మలు కూడ అమ్మకమునకు వ్రేలాడుచుండెడివి. క్షౌరమునకు పోయినవాడు బొమ్మ కొనవచ్చును, కొనకపోవచ్చును. బొమ్మ లేకున్నచో నీ ఒంటిలో విషము మిగిలిపోవునని అతనితో ఎవరును చెప్పియుండరు.

ఆ విషపుమాటను గూర్చి కొంచెము స్థిమితముగా చెప్పవలెను. మనలను భయపెట్టునది అదియే గనుక. రక్తములోని మలినములను వేరుచేసి పంపుటకు మన దేహములో కాలేయమున్నది, మూత్రపిండములున్నవి. పగలును రాత్రియు అవి చేయు పనిని సీసాలోని నూనె చేయదు. భుజము వెనుక గట్టిగా తగులునది బిగిసిన కండరము. పట్టగా సడలును, మరల బరువులెత్తిన బిగియును. సముద్రపు నాచు పూసి, గుడ్డలు చుట్టి, నడుము కొలతలో అంగుళములు తగ్గినవని టేపుతో కొలిచి చూపుట ఇంకొకటి కలదు. తగ్గినది నీరు. త్రాగిన నీటితో మరల వచ్చును. సిరాపలక మీద పాదము మోపించి, ఆ అచ్చును చూపి, నీ నడక వంకరగా నున్నదని చెప్పి, చెప్పులలో వేసికొను మెత్తలు అమ్ముటయు కలదు. ఉచితోపన్యాసమని పిలిచినచో, ఆ గదిలో చివర ఒక వెలపట్టిక యుండునని తెలిసికొని పోవుడు. పోవలదనను. తెలిసికొని పోవుడు.

మన పెద్దవారికి ప్రత్యేకముగా ఒక మాట. చక్కెర వ్యాధి చిరకాలముగా నున్నవారిలో కొందరికి పాదములలో స్పర్శ తగ్గియుండును. వెచ్చని రాళ్ళు పెట్టి చేయు మసాజ్‌లో వేడి యెంతయో వారికి తెలియదు. కాలిన తరువాతనే తెలియును. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ఆవిరిగదిలోనికి పోవుటకు ముందు తమ వైద్యునే అడుగవలెను. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు మూలికల మాత్రలను అమ్మువారి మాటమీద మింగరాదు. తెల్లని కోటు వేసికొన్న ప్రతివారును వైద్యులు కారు. ఇంటినుండి బయలుదేరకముందే ఒక ఫోను చేసి మన డాక్టరుగారిని అడిగినచో సరిపోవును.

కొన్న తరువాత ఫిర్యాదు చేసికొనవచ్చును గదా అని మీరనవచ్చును. మన దేశములో 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మనమున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. ఓడ సంగతి వేరు. ఓడ అమెరికాలో బయలుదేరినను దానిమీది జెండా పెక్కుసార్లు బహమాస్‌దో, పనామాదో అయియుండును. వాషింగ్టన్ రాష్ట్రమునకు చెందిన ఒక యాత్రికురాలు ఓడలో జారిపడి తన రాష్ట్రముననే దావా వేయగా, టికెట్టుమీద ముద్రించిన షరతు చెల్లునని, ఫ్లోరిడాకు పోయియే దావా వేసికొనవలెనని 1991లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. పడిపోయి దెబ్బతగిలిన మనిషికే అంత దూరమైనప్పుడు, రెండు సీసాల కొరకు రాజమహేంద్రవరమునుండి మనమెచ్చటికి పోగలము? అందువలన ఖాతాను దినదినమును చూచుకొనవలెను. క్రింది అంతస్తులోని కౌంటరు దగ్గర అడిగిన చూపెదరు. కడపటి రాత్రి తలుపుక్రింద బిల్లు వచ్చువరకు ఆగినచో, వరుసలో నిలుచుండుటకే గాని మాటాడుటకు వ్యవధి యుండదు.

ఇక మొదట చెప్పిన మాటకు వచ్చుచున్నాను. వద్దు అనదలచుకొన్నచో పడుకొనకముందే అనవలెను. బట్టలు ఒంటిమీద నున్నప్పుడు, కళ్ళద్దములు కంటికున్నప్పుడు, ఆమె మనకింకను ఏ ఉపకారమును చేయనప్పుడు. అప్పటి వద్దు అను మాటలో కఠినత్వము లేదు. ఇరువురికిని ముందుగా తెలిసియున్న ఒప్పందమది. పడుకొనకముందు.

మూడుదినముల పిమ్మట ఓడ స్కాగ్వేలో ఆగినది. బంగారము వెదకబోయినవారి కాలమున కొండలలో వేసిన రైలుదారి ఒకటి అచ్చట ఉన్నది. మా వారును, పిల్లలును ఆ రైలెక్కి పోయిరి. నా మోకాళ్ళు మెట్లెక్కనీయలేదు. వెల తగ్గించిన దినము గనుక నేనే పోయి, నా సొమ్ముతో, ఆ బాలి పిల్లయే కావలెనని అడిగి వేళ కుదుర్చుకొంటిని. కాగితములో ఆరోగ్యపు ప్రశ్నలకు జవాబులు వ్రాసితిని. కోరికల ప్రశ్నలను ఖాళీగా వదలితిని. పైన పెద్ద అక్షరములతో ‘నో ప్రొడక్ట్స్ ప్లీజ్’ అని వ్రాసి, ఆమె రాగానే చేతికిచ్చి, “అమ్మాయీ, నీ చేయి మంచిదని మళ్ళీ వచ్చాను. కొనడానికి మాత్రం రాలేదు. ఏమీ అనుకోకు” అని నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పితిని.

ఆమె చదివినది. కలము జేబులో పెట్టుకొన్నది. ఆనాడు యాభై నిమిషములును టాక్సిన్ అను మాట రాలేదు. నడుమ ఆమెయే అడిగినది, మీ యింట ఏ నూనె వాడుదురని. నువ్వులనూనె అంటిని, మా అమ్మమ్మ దానిని కాచి, గోరువెచ్చగా మోకాళ్ళకు పట్టించెడిదని చెప్పితిని. తమ ఊరిలో కొబ్బరినూనె యనియు, తన నాయనమ్మ ఇంటనే తీయుననియు, ఆ వాసన ఓడలో ఎచ్చటను లేదనియు ఆమె చెప్పినది.

ముగిసిన పిమ్మట మంచినీళ్ళు తెచ్చినది. ప్రతివారికిని ఒక కాగితమీయవలెనని పైవారి ఆజ్ఞ కాబోలు, నాకును ఇచ్చినది. గదికి వచ్చి కళ్ళద్దములు పెట్టుకొని చూచితిని. నా పేరు వ్రాసి, దానిక్రింద నీళ్ళు ఎక్కువగా త్రాగుడని వ్రాసినది. మిగిలిన గడులన్నియు ఖాళీగా నున్నవి.